విమానం గంటే, మరి ములుగు నుంచి విజయవాడకు ఎనిమిదిన్నర గంటలెందుకు?

నేను ములుగు నుంచి మాట్లాడుతున్నా. హైదరాబాద్ నుంచి విజయవాడకు ఫ్లైట్ ఎంతసేపు అని ఫోన్‌లో కొడితే ఏం వస్తది? గంట, గంటా పది నిమిషాలు. ఆ ఒక్క నంబర్ నమ్మి నేనెట్లా దెబ్బతిన్నానో ఈ రోజు చెప్తా.

విజయవాడలో మా మేనమామకు ఆపరేషన్. మధ్యాహ్నం ఒంటిగంటకు లోపలికి తీసుకెళ్తామన్నారు. పొద్దున ఆరింటికి నేను శంషాబాద్ బయల్దేరిన. తమ్ముడేమో వరంగల్‌లో రైలెక్కుతా అన్నాడు. నేను నవ్విన.

ఇప్పుడు లెక్క చూడండి. ములుగు నుంచి శంషాబాద్ రోడ్డు మీద సుమారు 220 కిలోమీటర్లు, ఐదు గంటలు. దేశీయ విమానాలకు చాలావరకు గంట ముందే కౌంటర్ మూసేస్తారు కాబట్టి అక్కడ గంటన్నర. విమానం గంటా పది. గన్నవరంలో దిగాక బ్యాగు తీసుకుని, 20 కిలోమీటర్లు ఊళ్లోకి పోవడానికి ఇంకో గంట. మొత్తం ఎనిమిది గంటల నలభై నిమిషాలు!

తమ్ముడికి వరంగల్ దాకా గంటన్నర, స్టేషన్‌లో గంట, రైల్లో మూడు గంటలు. పదకొండున్నరకు మామ పక్కన కూర్చున్నాడు. నేను పోయేసరికి రెండు నలభై. థియేటర్ తలుపు మూసి ఉంది. మామ క్షేమంగానే బయటికొచ్చాడు కానీ, లోపలికి పోయే ముందు నన్ను అడిగాడట.

తప్పెక్కడ జరిగింది? శంషాబాద్ నుంచి గన్నవరం గాలిలో సుమారు 265 కిలోమీటర్లు. ఏటీఆర్ లాంటి చిన్న విమానం గంటకు దాదాపు 500 కిలోమీటర్లు పోతది, అంటే అరగంట చాలాలి. కానీ టికెట్ మీది టైమ్ విమానం ఇక్కడ కదిలినప్పటి నుంచి అక్కడ ఆగేదాకా. రన్‌వే దాకా నడవడం, పైకెక్కడం, వేగం తగ్గించుకుని దిగడం, అన్నీ అందులోనే. దూరం తక్కువైనా ఈ టైమ్ తగ్గదు.

ఇంకోటి. మ్యాప్‌లో సరళరేఖ గీస్తే ములుగు నుంచి శంషాబాద్ ఎంతో, విజయవాడా దాదాపు అంతే, 200 కిలోమీటర్ల లోపు అటూ ఇటూ. అంటే దక్షిణానికి పోవడానికి నేను ముందు పడమరకు పోయిన!

మరి మన మామునూరు? నిజాం కాలంలో 1930లో కట్టిన ఎయిర్‌పోర్ట్. 1981 తర్వాత మూతపడింది. శంషాబాద్ ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపు ఇంకో ఎయిర్‌పోర్ట్ వద్దనే షరతు ఉండె. మామునూరు గాలిలో 145 దగ్గర, అందుకే ఇరుక్కుంది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతిచ్చింది. అక్కడ విమానాలు తిరిగితే విజయవాడకు మాత్రం అప్పుడూ రైలే మేలు. తిరుపతి లాంటి దూరానికి, గాలిలో 475 కిలోమీటర్లకు, నిజంగా లాభం.

కాబట్టి ఫ్రెండ్స్, టికెట్ కొనే ముందు ఇంటి గడప నుంచి ఆ గడప దాకా లెక్కేయండి. మీ ఊరి లెక్క ఎంతొచ్చిందో కామెంట్‌లో పెట్టండి. మళ్లీ కలుద్దాం!