ఆటల వర్తకమును మాటల విలువయు

మన విద్యార్థులు విరామకాలమున ముచ్చటించుకొనునపుడు వీడియో ఆటల ప్రస్తావన తఱచుగా వినఁబడుచుండును. ఏ యాట మేలైనది, ఏ యంత్రము కొనఁదగినది యని వారు వాదించుకొందురు. ఆ వాదములలో దొరలు పేరు లెచ్చటినుండి వచ్చినవో, వర్తకులు వాని నెట్టి యాలోచనతోఁ బెట్టిరో తెలిసికొనుట వినోదమునకేగాక ప్రయోజనమునకును గారణమగునని తలఁచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

1972వ సంవత్సరమున అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున నోలన్ బుష్నెల్, టెడ్ డాబ్నీ అనువారు అటారీ కంపెనీని స్థాపించిరి. ఆ యేఁటనే పాంగ్ అను ఆట వెలువడెను. తెరమీఁద రెండు గీతలు, వాని నడుమ నొక చుక్క. బంతియాట కంతమాత్రమే చాలెను. అటారీ యనునది ఆంగ్లపదము కాదు. గో అను పలకయాటలో నెదుటివాని కాయలు మఱుసటి యెత్తునఁ బట్టువడనున్న స్థితికి జపానువారు వాడు మాట యది. చదరంగమున రాజునకుఁ జెక్ చెప్పుట యెట్టిదో యిదియు దాదాపుగా నట్టిదే.

1980లో జపానులోని నామ్కో కంపెనీ, నోరు తెఱచుచు మూయుచు చుక్కలను మ్రింగు నొక గుండ్రని బొమ్మతో ఆటను గల్పించెను. మనము గబగబ తినెననునట్లు జపానువారు పకుపకు అందురు. దానినిబట్టి ఆ బొమ్మకు పక్‌మాన్ అని పేరిడిరి. అమెరికాకుఁ బంపునపుడు, అల్లరివారు మొదటి యక్షరమును గీకి దానిని అసభ్యపదముగా మార్తురేమోయని శంకించి ప్యాక్‌మాన్ అని సవరించిరి. ఒక్క యచ్చు మార్పుతో అపవాదు తప్పినది.

1983లో అమెరికాయందు ఇండ్లలో నాడు వీడియో ఆటల వ్యాపారము కూలిపోయెను. నాసిరకపు ఆటలు అంగళ్లలో గుట్టలుపడుటచే దుకాణదారులకు వీడియో ఆట యను మాటయే వెగటయ్యెను. జపానులోని నింటెండో కంపెనీ యీ సంగతి నెఱిఁగినది. ఈ కంపెనీని 1889లో క్యోటో నగరమున ఫుసజిరో యమౌచి హనఫుడా యను పేకముక్కలు చేయుటకై నెలకొల్పెను. అది 1983లో స్వదేశమున ఫామిలీ కంప్యూటర్ అను పేర నమ్మిన యంత్రమును 1985లో అమెరికాకుఁ దెచ్చునపుడు ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్, అనఁగా వినోదసాధనము, అని పిలిచెను. యంత్రపుఁ బెట్టె కంట్రోల్ డెక్ అయ్యెను. ఆటల డబ్బీ గేమ్ పాక్ అయ్యెను. వెగటైన మాటను విడిచి, క్రొత్త మాటలతో మూసిన తలుపులను దెఱపించిరి.

తరువాత మఱియొక చిక్కు గలిగెను. ఏ కంపెనీ యంత్రమునైనను జనులు నింటెండో యనసాగిరి. ఇది కీర్తియే కదా యని తోఁచును. కాని 1990లో ఆ కంపెనీయే, తమ పేరు కంపెనీకిఁ జెందినదేగాని యంత్రజాతికంతకు పేరు కాదని ప్రకటించెను. ఏలయనఁగా, వర్తకనామము సామాన్యనామమైనచో దానిపై హక్కు పోవును. 1921లో అమెరికా న్యాయస్థానము, ఆస్పిరిన్ అనునది వాడుకొనువారి నోట మందు పేరే యైనదని బేయర్ కంపెనీకిఁ బ్రతికూలముగాఁ దీర్పు చెప్పినది. మనవారు వనస్పతిని డాల్డా యనుటయు, ఏ యంత్రముతోఁ దీసిన ప్రతినైనను జిరాక్సు అనుటయు ఇట్టివే. పేరు పెట్టువాఁడు వర్తకుఁడైనను, దాని యర్థమును నిలుపువారు వాడుకొనువారే.

దీనినుండి మనము గ్రహింపవలసిన దొకటి కలదు. నేఁడు చేతిఫోనులలోని ఆటలనేకములు ఉచితమను బిరుదుతో వచ్చుచున్నవి. వానిలోఁ గొన్నిఁటియందు నాణెములు, రత్నములు అను పేరులతో నేవో అమ్మఁబడుచుండును. నూఱు రత్నములు వ్యయమైనవని బాలుఁ డనుకొనునుగాని, తండ్రి కష్టార్జితమైన రూపాయలు వ్యయమైనవని తలఁపఁడు. వస్తువు పేరు మార్చి దుకాణదారుని వెగటు మాన్పిన నేర్పే యిచట ధనము పేరు మార్చి బాలుని జాగ్రత్తను మాన్పుచున్నది.

కావున విద్యార్థులారా, రత్నములను రూపాయలుగా మార్చి, కొనుటకు ముందే లెక్క వ్రాసి చూడుఁడు. తలిదండ్రులును బిల్లలను గద్దించుటకు బదులు వారితోఁ గూర్చుండి ఆ లెక్కను జూతురుగాక. ఆటను ద్వేషింప నక్కఱలేదు. దేనిని దేనిగాఁ బిలువవలయునో యెఱిఁగి పిలుచువాఁడు అంగడిలో మోసపోవుట యరుదు.