నలభై దాటాక ఒళ్లు ఎందుకు చేస్తుంది?

"పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా పని చేస్తూనే ఉంటాను. అయినా ఒళ్లు తగ్గదేం?"

నలభై దాటిన ఆడవాళ్లు చాలామంది అడిగే మాట ఇది. మాట నిజమే. ఇంటి పని ఎప్పటికీ తెమలదు. కానీ ఆ పని ఎలాంటిదో చూడాలి.

ఒకప్పుడు ఆడవాళ్లు వడ్లు దంచేవారు. పిండి విసిరేవారు. బావిలో నీళ్లు తోడి బిందెలతో మోసుకొచ్చేవారు. చేనికి నడిచి వెళ్లేవారు. తర్వాత చాలా ఊళ్లకు మర వచ్చింది. మిక్సీ వచ్చింది. కొళాయి వచ్చింది. సంతకు పోవాలంటే ఆటో ఉంది. మంచిదే. ఆ చాకిరీ మళ్లీ రావాలని ఎవరూ కోరుకోరు. కానీ ఒంటికి కష్టం తగ్గింది, కంచంలో అన్నం తగ్గలేదు. ఖర్చు కాని తిండి కొవ్వుగా మారి ఒంట్లో చేరుతుంది.

దీనికి తోడు వయసు. నలభై దాటాక ఒంట్లో కండ కొంచెం కొంచెంగా తగ్గుతుంది. కండ తగ్గితే ఒంటికి కావలసిన తిండి కూడా తగ్గుతుంది. ముట్లు ఆగిపోయే వయసులో కొవ్వు పొట్ట చుట్టూ ఎక్కువగా చేరుతుంది. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీయించుకున్న వారికి ఈ మార్పు ముందే వస్తుంది.

ఈ పొట్ట కొవ్వే ఎక్కువ చేటు. షుగరు, బీపీ, గుండెజబ్బు దాని వెంట వస్తాయి. కొలుచుకోవడానికి దర్జీ టేపు చాలు. ఆడవాళ్ల నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు దాటితే జాగ్రత్త పడాలి.

సన్నగా అయిపోవాలని కాదు. 70 కిలోల మనిషి మూడున్నర కిలోలు తగ్గినా షుగరు, బీపీ అదుపు చేయడం తేలికవుతుంది. మోకాళ్లకైతే ఇంకా మేలు. ఒంట్లో ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు 4 కిలోల భారం తగ్గుతుంది.

ముందు తిండి సంగతి. ఇల్లాలు అందరూ తిన్నాక తింటుంది. గిన్నె అడుగున మిగిలింది పారబోయలేక అదీ తినేస్తుంది. దీనికి మందు పొయ్యి దగ్గరే ఉంది. ఎసట్లో గుప్పెడు బియ్యం తక్కువ పోయాలి. కంచంలో సగం కూర, ఆకుకూర ఉండాలి. మిగతా సగంలో అన్నం కొంత, పప్పో గుడ్డో కొంత. అన్నం తగ్గించి ఆకలితో ఉండమని కాదు. కూర పెరిగితే కడుపు నిండుతుంది.

టీ లెక్క చూడండి. రోజుకు 4 కప్పులు, కప్పుకు 2 చెంచాల చక్కెర. మొత్తం 8 చెంచాలు. చెంచా 5 గ్రాములు అనుకుంటే రోజుకు 40 గ్రాములు. నెలకు 1,200 గ్రాములు. అంటే కిలో మీద పావు కిలోకి దగ్గర! కప్పుకు ఒక చెంచా తగ్గిస్తే సగం మిగులుతుంది. డబ్బూ మిగులుతుంది. నూనె కూడా అంతే. మనిషికి నెలకు అర లీటరు మించకూడదు. నలుగురున్న ఇంటికి 2 లీటర్లు. పచ్చడి మీద తేలే నూనె కూడా లెక్కలోదే.

కొందరు శనివారం ఒక్కపొద్దు ఉంటారు. రాత్రికి నాలుగు దోసెలు తింటారు. దానివల్ల బరువు తగ్గదు. కొర్రలు, రాగులు తింటే చాలు, ఒళ్లు తగ్గుతుందని కూడా అంటారు. పీచు ఉంటుంది కాబట్టి అవి మంచివే. కడుపు త్వరగా నిండుతుంది. కానీ మూడు ముద్దల సంకటి తింటే మూడు ముద్దల తిండే!

ఇక నడక. నాట్లకు, కలుపులకు పోయే ఆమెకు వేరే నడక అక్కర్లేదు. ఆమెకు కావలసింది మంచి తిండి, విశ్రాంతి. మిగతా వారు రోజుకు అరగంట, వారానికి 5 రోజులు నడవాలి. ఇంట్లో అటూ ఇటూ తిరగడం ఈ లెక్కలోకి రాదు. ఆగకుండా, కాస్త వేగంగా నడవాలి. నడుస్తుంటే మాట రావాలి, పాట రాకూడదు. అదే సరైన వేగం. ఒకేసారి కుదరకపోతే పది నిమిషాల చొప్పున మూడుసార్లు నడవవచ్చు.

"ఈ వయసులో ఇదేం షోకు?" అని నవ్వేవారు ఉంటారు. ఒక్కతే వెళితే సిగ్గు. పొదుపు సంఘంలో ముగ్గురు నలుగురు కలిసి వెళితే నవ్వేవారే తగ్గుతారు. చీర కాస్త పైకి కట్టుకోవాలి. జారని చెప్పులు వేసుకోవాలి. కండ తగ్గకుండా ఇంకో పని చేయాలి. కుర్చీలో కూర్చుని, చేతులు ఆనించకుండా పదిసార్లు లేవాలి. మోకాలు నొప్పి పెడితే ఆపేయాలి.

నెలకు ఒకటి, రెండు కిలోలు తగ్గితే చాలు. వారంలో పది కిలోలు తగ్గిస్తామని అమ్మే పొడులు, మాత్రలు కొనవద్దు. షుగరు మాత్రలు వాడేవారు తిండి తగ్గించే ముందు డాక్టరుకు చెప్పాలి. నడుస్తుంటే గుండెలో నొప్పి గాని, ఎక్కువ ఆయాసం గాని వస్తే వెంటనే ఆగి ఆసుపత్రికి వెళ్లాలి. తిండి పెరగకుండానే ఒళ్లు పెరిగితే, నీరసంగా ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి. ముప్పై ఏళ్లు దాటిన వారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగరు ఉచితంగా చూస్తారు. వెళ్లినప్పుడు బరువు కూడా చూపించుకుని, తేదీతో సహా నోటు పుస్తకంలో సొంత చేత్తో రాసుకోవాలి. నెల తర్వాత దాని కింద రెండో అంకె రాయాలి.