కోత లేకుండా కడుపు చిన్నది చేసే చికిత్స: సాయం చేసే ముందు తెలుసుకోవలసిన సంగతులు



వైద్య సాయం అనగానే మనకు గుండె ఆపరేషను, డయాలసిస్, కాన్పు ఖర్చు గుర్తొస్తాయి. అలాంటి అర్జీ ముందుకొస్తే ఎవరూ వెనకాడరు. అదే ఎవరైనా బరువు తగ్గే చికిత్సకు సాయం చేయమని రాస్తే, చదివినవారి ముఖంలో ముందు ఒక చిరునవ్వు కనబడుతుంది. "నోరు కట్టుకుంటే పోయేదానికి లక్షలెందుకు భాయ్?" అనే మాట ఆ వెంటనే వస్తుంది. కొన్నేళ్లుగా హైదరాబాద్ ఆసుపత్రుల్లో కోత లేకుండా, నోటి గుండా గొట్టం పంపి కడుపును లోపలి నుంచే కుట్టే చికిత్స చేస్తున్నారు. ఆ కబురు ధరూర్ లాంటి మండలాలకూ చేరింది. కాబట్టి ఇలాంటి అర్జీలు వస్తాయి. అవి వచ్చేలోగా ఆ చికిత్స ఏమిటో, ఎవరికి అవసరమో, ఎక్కడ దాని బలం ఆగిపోతుందో మనం తెలుసుకుని ఉండటం మంచిది.

ముందుగా ఒక అపోహ. కడుపు తగ్గించడం అంటే పొట్ట మీది కొవ్వు తీసేయడం అని చాలామంది అనుకుంటారు. ఇది అది కాదు. మనం తిన్న అన్నం మొదట చేరే సంచిని, అంటే జీర్ణాశయాన్ని, చిన్నది చేస్తారు. కొవ్వును ఎవరూ ముట్టుకోరు. తక్కువ తిండితోనే కడుపు నిండినట్టు అనిపిస్తుంది, అది ప్రేగుల్లోకి మెల్లగా దిగుతుంది. అందువల్ల ఆకలి ఆలస్యమై, నెలలు గడిచేకొద్దీ బరువు తగ్గుతుంది.

దీని పేరు ఎండోస్కోపిక్ స్లీవ్ గ్యాస్ట్రోప్లాస్టీ. డాక్టర్లు ఈఎస్‌జీ అంటారు. మనిషికి పూర్తి మత్తు ఇచ్చి, కెమెరా ఉన్న సన్నని గొట్టాన్ని నోటి గుండా లోపలికి పంపుతారు. గొట్టం కొసన వంకర సూది ఉన్న చిన్న కుట్టు పరికరం ఉంటుంది. మరమేకులా తిరిగే కొక్కెం జీర్ణాశయం గోడను పట్టి దగ్గరకు లాగితే, సూది ఆ గోడ మందమంతా దాటుతూ కుడుతుంది. కింది భాగం నుంచి మొదలుపెట్టి, వెలుపలి వంపు వెంట పైకి వస్తూ వరుసగా కుట్లు వేసి బిగిస్తారు. గోనె సంచి మూతిని దారంతో కుట్టి బిగిస్తే ఎలా ముడుచుకుపోతుందో అలాగే వెడల్పాటి సంచి సన్నని గొట్టంలా ముడుచుకుంటుంది. దానిలో పట్టే పరిమాణం దాదాపు 70 శాతం తగ్గుతుంది. అంతా గంట, గంటన్నరలో అయిపోతుంది. వాడే దారం పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్. అది జంతువుల నుంచి తీసినదా అని అడిగేవారుంటారు కనుక చెబుతున్నాను, కాదు.

బరువు తగ్గించే పాత శస్త్రచికిత్సలో, అంటే స్లీవ్ ఆపరేషనులో, పొట్ట మీద చిన్న రంధ్రాలు చేసి జీర్ణాశయంలో మూడొంతులకు పైగా కోసి బయటకు తీసేస్తారు. తీసినది తిరిగి రాదు. ఈఎస్‌జీలో ఏదీ కోయరు, తీయరు. శరీరం పైన గాటు ఉండదు. చాలామంది అదే రోజు లేదా మర్నాడు ఇంటికి వెళ్తారు. కాలం గడిచి కుట్లు వదులైతే మళ్లీ బిగించే వీలుంది, అవసరమైతే తర్వాత శస్త్రచికిత్సకూ వెళ్లవచ్చు. అయితే "ఆపరేషన్ లేదు" అని ప్రకటనల్లో రాసిన మాటను పూర్తిగా నమ్మకండి. మత్తు ఉంది, సూది ఉంది, గోడ దాటే కుట్టు ఉంది. ఇది చిన్న పని కాదు.

మనుషుల మీద తొలి ప్రయత్నాలు 2012 ప్రాంతంలో జరిగాయి. ఆ తొలి కేంద్రాల్లో మన దేశమూ ఉంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ పరికరానికి 2022లో అనుమతి ఇచ్చింది. ఎండోస్కోపీ విషయంలో హైదరాబాద్‌ది పెద్ద పేరు. డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి స్థాపించిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ నేడు గచ్చిబౌలిలో ఏఐజీ ఆసుపత్రిగా ఎదిగింది. జీర్ణకోశ వైద్యంలో చేసిన కృషికి ఆయన 2025లో పద్మవిభూషణ్ అందుకున్నారు. ఈ చికిత్స కోసం ముంబయికో ఢిల్లీకో పోవలసిన పని లేదు, గద్వాలలో రైలెక్కి కాచిగూడలో దిగితే చాలు.

"నోరు కట్టుకుంటే పోదా?"

ఇప్పుడు ఆ మొదటి ప్రశ్నకు వద్దాం. దానికి జవాబు ఒక పరిశోధనలో దొరుకుతుంది. అమెరికాలో తొమ్మిది కేంద్రాల్లో 209 మందిపై జరిగిన మెరిట్ అనే అధ్యయనం 2022లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అందరికీ తిండి, నడక విషయంలో సలహాలు ఇచ్చారు, ఏడాది పాటు వెంట ఉండి చూశారు. కొందరికి మాత్రం అదనంగా ఈఎస్‌జీ చేశారు. ఏడాది తర్వాత ఈఎస్‌జీ అయినవారు తమ బరువులో సగటున 13.6 శాతం తగ్గారు. సలహాలతోనే ఉన్నవారు తగ్గింది 0.8 శాతం.

ఆ రెండో అంకెను దాతలు మరోసారి చదవాలని నా కోరిక. నిపుణులు దగ్గరుండి చెప్పినా, మనిషి ఒప్పుకుని ప్రయత్నించినా, వంద కిలోల మనిషి ఏడాదిలో కిలో కూడా తగ్గలేదు. దీన్ని సోమరితనం అనలేం. బరువు తగ్గడం మొదలవగానే శరీరం దాన్ని కరువుగా భావిస్తుంది. ఆకలి పెంచే హార్మోన్లు పెరుగుతాయి, ఖర్చయ్యే శక్తి తగ్గుతుంది. కొద్దిగా లావున్నవారు నడకతో, తిండి మార్పుతో తగ్గగలరు, తగ్గాలి కూడా. కానీ ఒక హద్దు దాటాక మనిషి తన శరీరంతోనే పోట్లాడవలసి వస్తుంది. ఆ పోట్లాటలో ఓడినవారిని చూసి నవ్వడం న్యాయం కాదు.

ఆ హద్దును కొలిచేది బీఎంఐ. బరువును కిలోల్లో తీసుకుని, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె. ఐదడుగుల ఎత్తున్న స్త్రీని తీసుకుందాం. ఆమె 58 కిలోలుంటే బీఎంఐ 25. భారతీయులకు ఊబకాయం అక్కడి నుంచే మొదలైనట్టు మన డాక్టర్లు లెక్కిస్తారు, ఎందుకంటే మనకు తక్కువ బరువులోనే షుగర్ వస్తుంది. 70 కిలోలకు 30, 81 కిలోలకు 35. మెరిట్ అధ్యయనంలో తీసుకున్నది 30 నుంచి 40 మధ్య ఉన్నవారిని.

ఈ 81 కిలోల స్త్రీ మన ధరూర్ మండలంలోనే ఉందనుకోండి. ఆమె సగటున 11 కిలోలు తగ్గుతుంది. అంతేనా అనిపిస్తుంది. కానీ ఒక కిలో తగ్గితే అడుగు అడుగుకూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని పరిశోధకులు కొలిచారు. అంటే ఆమె వేసే ప్రతి అడుగులో 44 కిలోలు దిగిపోయినట్టు. సీడ్ పత్తి చేనులో రోజంతా నిలబడి పూలకు క్రాసింగ్ చేసే మనిషికి, మగ్గం గుంటలో కూర్చుని లేచే మనిషికి, కుర్చీ లేకుండా నమాజు చేయాలని ఆశపడే మనిషికి అది చిన్న లాభం కాదు. బరువు తగ్గినవారిలో షుగర్, బీపీ కూడా మెరుగవుతాయి.

ఈ సమస్య పట్నం షోకు కూడా కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రతి పది మంది పెద్దల్లో ముగ్గురు అధిక బరువుతో ఉన్నారు. అదే సర్వేలో సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత కూడా ఉందని తేలింది. మనిషి లావుగా ఉంటుంది, ఒంట్లో రక్తం ఉండదు. జొన్న రొట్టె పోయి మూడు పూటలా అన్నం వచ్చింది. పప్పు పలచబడింది. ఇక దావత్‌లో బగారా, దాల్చా, బిర్యానీ, పైన ఖుబానీ కా మీఠా సరే సరి. కడుపు చిన్నది చేసినా ఈ లోటు దానంతట అది తీరదు, పైగా పెరగవచ్చు. అందుకే చికిత్సకు ముందే రక్తం, విటమిన్లు పరీక్షించాలి.

బలం ఎక్కడ ఆగిపోతుంది

మంచి మాటలు చెప్పాను కనుక మిగతావీ చెప్పాలి. స్లీవ్ ఆపరేషన్‌తో తగ్గేంత బరువు ఈఎస్‌జీతో తగ్గదు. బీఎంఐ 40 దాటినవారికి చాలాసార్లు శస్త్రచికిత్సే మేలు. అలాంటివారికి ప్రభుత్వ ఆసుపత్రి దారి కూడా ఉంది. 2023లో ఉస్మానియా ఆసుపత్రి వైద్యులు 240 కిలోల యువకుడికి బరువు తగ్గించే శస్త్రచికిత్స చేశారు. పెద్ద హయటస్ హెర్నియా, మానని పుండు, లివర్ జబ్బు వల్ల ఉబ్బిన నరాలు ఉన్నవారికి, గర్భిణులకు ఈఎస్‌జీ చేయరు. మెరిట్‌లో తీవ్రమైన ఇబ్బంది వచ్చినవారు నూటికి ఇద్దరు, మరణాలు లేవు. కానీ రక్తస్రావం, కుట్టు దగ్గర కారడం అరుదుగానైనా జరుగుతాయి. మొదటి కొద్ది రోజులు నొప్పి, వాంతి వచ్చినట్టు ఉండటం మాత్రం చాలామందికి తప్పదు. జ్వరం, తగ్గని కడుపునొప్పి, నల్లటి విరేచనం కనబడితే ఇంట్లో కూర్చోకూడదు.

అసలు చికిత్స ఇంటికొచ్చాక మొదలవుతుంది. మొదట కొన్ని వారాలు ద్రవాలే. తర్వాత మెత్తగా చేసినవి, ఆ తర్వాతే మామూలు తిండి, అదీ చిన్న గిన్నెడు. ముందు గుడ్డు, పప్పు, చేప, పెరుగు తినాలి, అన్నం చివరకు. ఈ విషయంలో మన మండలం అదృష్టవంతమే, రేవులపల్లి దగ్గర జూరాల చేపలు దొరుకుతాయి. వేపుడు కాకుండా పులుసు చేసుకుంటే చాలు. తీపి పానీయాలు, షర్బత్ తాగుతూ పోతే మాత్రం ఏ కుట్టూ ఆపలేదు. అవి చిన్న కడుపులోంచి కూడా సులువుగా దిగిపోతాయి. నీళ్లు గుక్కెడు గుక్కెడుగా రోజంతా తాగాలి. అందుకే తొలి నెలల్లో రంజాన్ వస్తే రోజా గురించి డాక్టరును అడిగి తీరాలి. రోగికి తర్వాతి రోజుల్లో పూర్తి చేసుకునే వెసులుబాటు ఖుర్ఆన్‌లోనే ఉంది. ఇంట్లోవాళ్లు "ఒక్క ముద్ద తినమ్మా" అని బలవంతం చేయకుండా ఉండటం కూడా చికిత్సలో భాగమే. నా దృష్టిలో అన్నిటికంటే కష్టమైన భాగం అదే.

అమెరికాలోనే 216 మందిని చూసిన మరో అధ్యయనంలో, ఐదేళ్ల దాకా వచ్చి చూపించుకున్నవారిలో తగ్గిన బరువు సగటున 15 శాతానికి పైగా నిలిచింది. అందులో "వచ్చి చూపించుకున్నవారిలో" అన్న మాట ముఖ్యం. గద్వాల నుంచి హైదరాబాద్ దాదాపు 190 కిలోమీటర్లు. కూలి పోగొట్టుకుని, తోడుగా ఒకరిని తీసుకుని, నెలకోసారి పోయి రావడం పేదవారికి ఎంత బరువో మనకు తెలుసు. చికిత్స చేయించుకుని రెండోసారి డాక్టరు ముఖం చూడని మనిషికి పెట్టిన డబ్బు సగం నీళ్లపాలే.

అందుకే నా అభిప్రాయం ఇది. కుట్టు పరికరం ఒకసారికే పనికొచ్చేది, ఖర్చు లక్షల్లో ఉంటుంది. మన నిధితో ఒక్కరికి మొత్తం భరించడం కంటే, ఆసుపత్రి బిల్లులో కొంత భాగం, ఏడాది పాటు రానుపోను ఖర్చు, రక్తపరీక్షలు, విటమిన్ మాత్రలు, గుడ్లు, పప్పు మనం పెట్టుకోవడం మేలు. చెక్కు కూడా ఒకేసారి కాకుండా, బిల్లు భాగం ఆసుపత్రి పేరున, మిగతాది ప్రతి సందర్శన తర్వాత డాక్టరు చీటీ చూసి ఇవ్వాలి. పెళ్లికి ముందు సన్నబడాలని వచ్చే అర్జీని మర్యాదగా తిప్పి పంపడానికి మొహమాటపడనక్కర లేదు. షుగర్ అదుపులో లేనివారు, నిద్రలో ఊపిరి ఆగి లేచేవారు, మోకాళ్ల వల్ల పని మానేసినవారు ముందు వరుసలో ఉండాలి.

బీమా ఉన్నవారు పాలసీ కాగితం చూపించాలి. బీమా నియంత్రణ సంస్థ నిబంధన ప్రకారం ఊబకాయ శస్త్రచికిత్సకు బీఎంఐ 40 ఉండాలి, లేదా 35 ఉండి తీవ్రమైన గుండె జబ్బు, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, అదుపు కాని షుగర్ లాంటివి ఉండాలి. వయసు 18 నిండాలి, డాక్టరు సలహా ఉండాలి. కోత లేని చికిత్సకు ఇది వర్తిస్తుందో లేదో కంపెనీ నుంచి ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి, నోటిమాట చాలదు.

అర్జీతో పాటు ఎత్తు, బరువు, బీపీ, మూడు నెలల సగటు షుగర్, హిమోగ్లోబిన్, థైరాయిడ్ రిపోర్టులు జతచేయమని అడుగుదాం. ఇవన్నీ ప్రభుత్వ ఆసుపత్రుల్లో తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా ఉచితంగా చేసే పరీక్షలే. థైరాయిడ్ తక్కువై బరువు పెరిగినవారు ఆ రిపోర్టుతోనే బయటపడతారు. వారికి ముందు కావలసింది రోజుకో మాత్ర, దానికి హైదరాబాద్ దాకా పోనక్కర లేదు.