డ్రాప్‌డౌన్ ఎంపికలో మార్పు - ఎంవిసి వెబ్ అనువర్తనాల నిర్వహణ: పినపాక మండలం ఉదాహరణగా

వ్యాససంగ్రహం: జిల్లాను ఎంచుకోగానే మండలాలు, మండలాన్ని ఎంచుకోగానే గ్రామాలు మారే పట్టికలు ప్రభుత్వ సేవల పుటలలో సర్వసాధారణం. మోడల్-వ్యూ-కంట్రోలర్ (ఎంవిసి) పద్ధతిలో ఆ మార్పు జరిగే తీరును, అది తప్పే సందర్భాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: డ్రాప్‌డౌన్, ఎంవిసి, పినపాక, స్థలనామాలు, యూనికోడ్.

ప్రవేశిక

పినపాక అనేది ఒక గ్రామం పేరు, ఒక మండలం పేరు, ఒక శాసనసభ నియోజకవర్గం పేరు కూడా. ఈ ప్రాంతం 1953కు పూర్వం వరంగల్ జిల్లాలోనిది. ఆ సంవత్సరం అక్టోబరు 1న ఖమ్మం జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది. అప్పుడే పినపాక నుండి కొన్ని గ్రామాలు విడివడి కరకగూడెం మండలమైంది. ఈ చరిత్ర అంతా దరఖాస్తుదారుని ముందు మూడు చిన్న పెట్టెలుగా మాత్రమే కనిపిస్తుంది. 2020 అక్టోబరు 29న ప్రారంభమై 2025 వరకు కొనసాగిన ధరణిలో భూమి వివరాలు వెదకాలన్నా జిల్లా, మండలం, గ్రామం అనే వరుసనే అనుసరించవలసి ఉండేది. గ్రామం తప్పితే సర్వే సంఖ్య సరిగ్గా ఉన్నా ప్రయోజనం ఉండేది కాదు.

ఎంపిక మారినప్పుడు జరిగేది

మోడల్-వ్యూ-కంట్రోలర్ విభజనను 1979లో నార్వే శాస్త్రవేత్త ట్రిగ్వే రీన్‌స్కాగ్ జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో ప్రతిపాదించారు. సమాచారం మోడల్‌ది, కనిపించే రూపం వ్యూది, వచ్చిన కోరికను అందుకొని తగిన పని చేయించడం కంట్రోలర్‌ది. వెబ్‌లో చిక్కు ఏమిటంటే వ్యూ పాఠకుని బ్రౌజర్‌లో ఉంటుంది, కంట్రోలర్ దూరాన సర్వర్‌లో ఉంటుంది. మైక్రోసాఫ్ట్ పాత వెబ్‌ఫామ్స్ పద్ధతిలో ఎంపిక మారగానే పుట మొత్తాన్ని సర్వర్‌కు పంపే ఏర్పాటు ఉండేది. పుట స్థితిని వ్యూస్టేట్ అనే దాపుడు మూట మోసేది. 2009లో వచ్చిన ఏఎస్‌పి డాట్ నెట్ ఎంవిసిలో ఆ మూట లేదు. కాబట్టి మార్పును గమనించే భారం ప్రోగ్రామరుదే.

దరఖాస్తుదారు మండలాల పెట్టెలో పినపాకను ఎంచుకోగానే బ్రౌజర్ ‘ఛేంజ్’ అనే సంకేతాన్ని వెలువరిస్తుంది. ఆ సంకేతానికై వేచియున్న జావాస్క్రిప్ట్ మండలం కోడ్‌ను కంట్రోలర్‌కు పంపుతుంది. కంట్రోలర్ మోడల్‌ను అడిగి గ్రామాల జాబితాను జేసన్ రూపంలో తిరిగి ఇస్తుంది. జావాస్క్రిప్ట్ మూడవ పెట్టెలోని పాత పేర్లను తుడిచి కొత్తవి నింపుతుంది. పుట కదలదు.

అయితే ఈ సంకేతం వినియోగదారు స్వయంగా విలువను మార్చినప్పుడే వెలువడుతుంది. భద్రపరచిన దరఖాస్తును తిరిగి తెరచి, ప్రోగ్రామే మండలాన్ని అమర్చితే సంకేతం రాదు, గ్రామాల పెట్టె ఖాళీగా మిగులుతుంది. మొదటి మండలం ముందుగానే ఎంపికై కనిపిస్తే, అదే తనకు కావలసిన వ్యక్తి దానిని మార్చడు, అప్పుడూ సంకేతం లేదు. ‘ఎంచుకోండి’ అనే ఖాళీ వరుస మొదట ఉండవలసింది అందుకే.

ఆలస్యం, అవ్యవస్థ

అడవి అంచు గ్రామాలలో సిగ్నల్ నిలకడగా ఉండని చోట మరొక ప్రమాదం ఉంది. ఒకరు మొదట పినపాకను ఎంచుకొని, వెంటనే కరకగూడేనికి మార్చారనుకుందాం. రెండు కోరికలూ బయలుదేరుతాయి. రెండవదానికి జవాబు ముందు వచ్చి, మొదటిదాని జవాబు ఆలస్యంగా వస్తే కరకగూడెం శీర్షిక కింద పినపాక గ్రామాలు నిలుస్తాయి. తెరపై దోషం ఏదీ కనిపించదు. జవాబుతోపాటు మండలం కోడ్‌ను కూడా పంపించి, అది ప్రస్తుత ఎంపికతో సరిపోతేనే పేర్లు నింపాలి, లేదా కొత్త ఎంపిక రాగానే పాత కోరికను రద్దు చేయాలి. ఇది చాలా పాఠ్యగ్రంథాలలో అనుబంధ విషయంగా కనిపిస్తుంది. ఇటువంటి ప్రాంతాలకు ఇదే ప్రధాన విషయం.

బ్రౌజర్‌లో జరిగిన జాగ్రత్త మాత్రమే చాలదు. దరఖాస్తు చేరిన తరువాత ఆ గ్రామం ఆ మండలానిదేనా అని సర్వర్ మరల పరీక్షించాలి. ఏదైనా లోపంతో ఫారం తిరిగి చూపవలసివస్తే గ్రామాల జాబితాను కంట్రోలర్ మళ్లీ సమకూర్చాలి. ఎందుకంటే ఫారంతో వచ్చేది ఎంచుకున్న విలువ ఒక్కటే, జాబితా కాదు.

పేరు, కోడ్, అక్షరక్రమం

పెట్టెలో కనిపించేది పేరు, వెనుక ప్రయాణించేది కోడ్. పేరునే విలువగా పెడితే బూర్గంపాడు, బూర్గంపహాడ్ అనే రెండు వర్ణక్రమాలు రెండు మండలాలైపోతాయి. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీ ప్రతి గ్రామానికీ ఒక కోడ్ కేటాయించింది. దానిని ఆధారంగా తీసుకుంటే వర్ణక్రమభేదం బాధించదు.

తెలుగు అధ్యేతలకు చెందిన సమస్య ఒకటి మిగిలి ఉంది. యూనికోడ్‌లో ‘ళ’ స్థానం ‘ల’ తరువాత, ‘వ’కు ముందు. వర్ణమాలలో అది ‘హ’ తరువాతది. ‘ఱ’ను కూడా యూనికోడ్ ‘ర’ పక్కనే నిలిపింది. సంకేతసంఖ్యల ప్రకారం పేర్లను అమర్చితే ‘తాళ’తో మొదలయ్యే ఊరు ‘తావ’, ‘తాస’ల కన్నా ముందు వస్తుంది. బడిలో నేర్చిన వరుసలో వెదకేవారికి అది దొరకదు. ఈ క్రమాన్ని నిర్ణయించవలసిన చోటు వ్యూ కాదు, జాబితాను సమకూర్చే మోడల్. ఒకచోట సరిచేస్తే అన్ని పుటలకూ అదే క్రమం అందుతుంది.