డయాలసిస్ రోగులు – గుండెను గురించి చెప్పే రక్తపరీక్షలు

యునానీ హకీములు నబ్జ్ (నాడి) చూసి, ఖారూరా (మూత్రం) పరిశీలించి వ్యాధిని గుర్తిస్తారు. మూత్రపిండాలు పూర్తిగా దెబ్బతిన్న వారిలో చాలామందికి మూత్రమే సరిగా రాదు. అందుచేత వీరి విషయంలో రక్తపరీక్షలను ఆశ్రయించక తప్పదు.

డయాలసిస్‌పై ఉన్నవారిలో మరణాలకు అన్నిటికన్నా పెద్ద కారణం గుండెజబ్బే. 2021 ఆగస్టు 5న మన కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో తమిళనాడు ప్రభుత్వం 'మక్కళై తేడి మరుత్తువం' పథకం ప్రారంభించింది. బి.పి., షుగర్ మందులతో పాటు, ఇంట్లోనే కడుపు ద్వారా చేసుకునే డయాలసిస్‌కు కావలసిన సంచులను కూడా రోగుల ఇంటికే చేర్చడం ఇందులో భాగం. డయాలసిస్ అందుబాటులోకి వస్తే సరిపోదు, గుండెను కూడా కనిపెట్టుకొని ఉండాలి.

కొలెస్ట్రాల్ తక్కువగా ఉంటే నిశ్చింతేనా?

కాదు. మామూలు మనుషులకు కొలెస్ట్రాల్ తక్కువగా ఉండడం మంచిదే. డయాలసిస్ రోగుల్లో మాత్రం అది పోషకాహార లోపానికి, ఒంట్లోని వాపుకు గుర్తు కావచ్చు. జర్మనీలో 1,255 మంది షుగర్ ఉన్న డయాలసిస్ రోగులపై జరిగిన అధ్యయనం ఫలితాలు 2005లో వచ్చాయి. మందుతో చెడు కొలెస్ట్రాల్ బాగా తగ్గినా, గుండెపోట్లు, మరణాలు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. అలాగని ముందునుంచీ వాడుతున్న కొలెస్ట్రాల్ మందును మీ అంతట మీరు ఆపవద్దు.

మరి ఏ పరీక్షలు చూడాలి?

ట్రోపోనిన్: గుండె కండరం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి వచ్చే ప్రోటీన్ ఇది. డయాలసిస్ రోగుల్లో గుండెపోటు లేకపోయినా ఇది తరచుగా ఎక్కువే ఉంటుంది. ఎక్కువగా ఉన్నవారికి మున్ముందు ముప్పు కూడా ఎక్కువ. బాగున్నప్పుడే ఒకసారి చేయించి ఆ అంకె రాసి ఉంచుకుంటే, ఛాతీనొప్పి వచ్చిన రోజున కొత్త అంకెతో పోల్చి చూడడం డాక్టరుకు సులభమవుతుంది.

సి.ఆర్.పి.: ఒంట్లో వాపును తెలుపుతుంది. డయాలసిస్ గొట్టం దగ్గర చీము పట్టినా, పళ్ల చిగుళ్లు చెడినా పెరుగుతుంది. కారణం వెతకాలి.

ఆల్బుమిన్: ఇది తగ్గడం మంచి సూచన కాదు. డయాలసిస్ మొదలయ్యాక కూడా మాంసకృత్తులు తగ్గించి తినేవారు ఎందరో. డయాలసిస్‌లో మాంసకృత్తులు కొంత పోతాయి కనుక గుడ్డు తెల్లసొన, కోడిమాంసం వంటివి తగినంత అవసరం.

ఫాస్ఫరస్: ఇది పెరిగితే రక్తనాళాల్లో సున్నం పేరుకొని అవి గట్టిపడతాయి. పాయా, కోవా మిఠాయిలు, కూల్‌డ్రింకులు తగ్గించాలి.

పొటాషియం: ఇది హఠాత్తుగా పెరిగితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. ఇఫ్తార్‌లో ఖర్జూరాలు, పండ్ల ముక్కలు ఎన్ని తినవచ్చో ముందే అడిగి తెలుసుకోండి.

గుర్తుంచుకోవలసినవి

రక్తం డయాలసిస్ మొదలుపెట్టక ముందే ఇవ్వాలి. తర్వాత ఇస్తే పొటాషియం, ఫాస్ఫరస్ తక్కువగా కనిపించి మోసపోతాం. ఒక్క అంకెను చూసి భయపడవద్దు, సంతోషించవద్దు. నెలనెలా అంకెలు ఒక నోటుపుస్తకంలో రాస్తూ పోతే పెరుగుతున్నదీ తగ్గుతున్నదీ తెలుస్తుంది.

కుష్తాలు (లోహ భస్మాలు) డయాలసిస్ రోగులు సొంతంగా వాడరాదు. ఖమీరాలలో చక్కెర ఉంటుంది కనుక షుగర్ ఉన్నవారు జాగ్రత్త పడాలి. ఏ యునానీ మందు వాడుతున్నా కిడ్నీ డాక్టరుకు దాచకుండా చెప్పండి.

షుగర్ రోగులకు గుండెపోటు నొప్పి లేకుండానే రావచ్చు. ఆయాసం, చల్లని చెమటలు, అకస్మాత్తుగా నీరసం కనిపిస్తే రిపోర్టుల కోసం ఎదురుచూడక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.