మోటారు గది తలుపు మీద మన వెబ్‌సైటు

ఊరెళ్లే ముందు "బియ్యం రెండు గ్లాసులు, నీళ్లు నాలుగు, మూడు విజిల్స్ రాగానే దించండి" అని శ్రీవారికి చీటీ రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించిన అనుభవం మీకు లేదూ? దాన్నే కంపెనీలవాళ్లు టెక్నికల్ డాక్యుమెంటేషన్ అంటారు. పేరు పెద్దదే గానీ, పని మనకి కొత్తదేం కాదు సుమండీ!

నిరుడు వేసవిలో మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ తమ్ముడి పెళ్లికని ఊరెళ్లాడు. రెండోరోజుకి పైన ట్యాంకు ఖాళీ. మోటారు ఎలా వెయ్యాలో పద్ధెనిమిది ఇళ్లలో ఒక్కరికీ తెలీదు. ఒకాయన ధైర్యం చేసి పచ్చ బటన్ నొక్కారు. మోటారు మూలిగి ఆగిపోయింది. మళ్లీ నొక్కారు, మళ్లీ ఆగింది. మూడోసారికి కాలిన వాసన! మూడు ఫేజుల్లో ఒకటి రావడం లేదని మెకానిక్ వచ్చాక తెలిసింది. ప్యానెల్ మీద ఎరుపు, పసుపు, నీలం దీపాల్లో ఒకటి వెలగడం లేదు. అది చూసుకోవాలని మాకెవరు చెప్పారు గనక? వైండింగ్ చేయించి బిగించేదాకా నాలుగు రోజులు బిందెలతో మెట్లెక్కాం.

వాచ్‌మన్ తిరిగొచ్చాక అతని పక్కనే నిలబడి, చేసేదంతా నోటుబుక్కులో రాసుకున్నాను. మరి అది నా ఒక్కదాని దగ్గరుంటే ఏం లాభం? "వెబ్‌సైటు పెడదామమ్మా, పైసా ఖర్చుండదు" అంది ఇంజనీరింగ్ చదివే మా అమ్మాయి. నవ్వొచ్చింది. కానీ నిజంగానే ఖర్చు కాలేదు.

ఎలాగంటారా? గిట్‌హబ్ అనే చోట ఉచితంగా ఖాతా తెరవాలి. అందులో 'రిపాజిటరీ' అని ఒకటి సృష్టించుకోవాలి. ఫైళ్లు పెట్టుకునే అల్మారా అనుకోండి. ఉచిత ఖాతాలో వెబ్‌సైటు కావాలంటే దాన్ని 'పబ్లిక్' అనే ఉంచాలి. లోపల 'ఇండెక్స్ డాట్ ఎండీ' అనే పేరుతో, ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే, కొత్త ఫైలు తెరిచి రాసుకుపోవడమే. విషయం శుభ్రంగా తెలుగులోనే రాయొచ్చు. పంక్తి మొదట # గుర్తు పెట్టి ఒక ఖాళీ వదిలితే అది శీర్షిక అవుతుంది. 1, 2 అంకెలు వేసి పక్కన చుక్క పెడితే వరసక్రమం వస్తుంది. ఈ పద్ధతిని మార్క్‌డౌన్ అంటారు. 2004లో జాన్ గ్రూబర్ అనే ఆయన తెచ్చాడు. రాయడం అయ్యాక సెట్టింగ్స్‌లో 'పేజెస్' దగ్గర 'మెయిన్' అనే శాఖని ఎంచుకుని సేవ్ నొక్కాలి. పది నిమిషాలు ఆగితే మీ పేజీ లోకమంతటికీ కనిపిస్తుంది.

లోకమంతటికీ అన్నాను, గమనించారా! వాచ్‌మన్ ఫోన్ నంబరు, తాళంచెవులు పెట్టే చోటు, గేటు కోడ్ లాంటివి అందులో రాయనేకూడదు. తర్వాత చెరిపేసినా పాత ప్రతి చరిత్రలో ఉండిపోతుంది. మేం నంబర్లన్నీ విడిగా కాగితం మీదే ఉంచాం.

ఇలాంటి రాతల్లో నాలుగు రకాలున్నాయని డానియెలె ప్రొచీడా అనే నిపుణుడు చెబుతాడు. ఆయన ఇచ్చే ఉదాహరణ వంటే! పిల్లకి పక్కన నిలబడి వంట నేర్పడం ఒకటి. వంటకం తయారుచేసే విధానం రెండోది. ప్యాకెట్ వెనక ఉండే వివరాలు మూడోది. ఆ వంట పుట్టుపూర్వోత్తరాల ముచ్చట నాలుగోది. వీటిని కలగాపులగం చేస్తే చదివేవాళ్లు తికమకపడతారట. నేనూ మొదట అదే చేశాను: ఫేజు పోతే మోటారు ఎందుకు కాలుతుందో అర పేజీ రాసి, బటన్ సంగతి చివర్న పెట్టాను. నీళ్లు రాక ఆదుర్దాగా వచ్చినవాళ్లకి ఆ పురాణమెందుకు? ఇప్పుడు మొదటి పంక్తి ఇది: "మూడు దీపాలూ వెలుగుతున్నాయా? ఒక్కటి వెలగకపోయినా మోటారు వెయ్యొద్దు." కారణం వేరే పేజీలో ఉంది.

అన్నట్టు, 1991లో జనానికి అందుబాటులోకి వచ్చిన తొలి వెబ్‌సైటులో టిమ్ బెర్నర్స్ లీ రాసిందీ ఇలాంటిదే. వెబ్ అంటే ఏమిటో, దాన్ని ఎలా వాడుకోవాలో చెప్పాడు!

రాశాక అసలు పరీక్ష మా పైవాటా పిన్నిగారితో జరిగింది. ఆవిడకి ఫోన్ ఇచ్చి, నేను నోరు మెదపకుండా నిలబడ్డాను.

"వాల్వు తిప్పండి అన్నావు. ఎటు తిప్పాలమ్మా?"

నిజమే కదా! "హ్యాండిల్ పైపుకి వరసగా ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు" అని చేర్చాను. ఆవిడ ఇంకా ఏడుచోట్ల ఆగారు. ఏడూ దిద్దాను. ఇది మాత్రం ఎవరూ మానకండి. రాసినవాళ్లకి తమ తప్పు కనిపించదు.

పేజీ చిరునామాకి క్యూఆర్ కోడ్ తీసి మోటారు గది తలుపుకి అంటించాం. తీరా ఆ గదిలో సిగ్నల్ అందదు! అందుకే అదే పేజీ ప్రింటు తీసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి పక్కన వేలాడదీశాం.

మొన్న కార్తీకంలో మోటారు మార్చారు. పేజీలో ఇంకా పాత మోటారు హార్స్ పవరే ఉన్నట్టు ఇది రాస్తుంటే గుర్తొచ్చింది. కుక్కరు దించి ముందా సంగతి చూడాలి.