జాడ చెరిగిపోకముందే

జనవరి నుంచి మార్చి దాకా విశాఖపట్నం, భీమిలి మధ్య ఉన్న బీచ్‌లలో తెల్లారేసరికి అక్కడక్కడ ఇసుక మీద కొత్త జాడ కనిపిస్తుంది. ముప్పాతిక మీటరు వెడల్పున నీటి అంచు నుంచి పైకి ఎక్కి, కాస్త పక్కగా తిరిగి మళ్లీ నీళ్లలోకి దిగుతుంది. రాత్రి ఆలివ్ రిడ్లే తాబేలు ఒడ్డుకు వచ్చి వెళ్లిన దారి అది. సముద్ర తాబేళ్లలో చిన్న జాతి, బరువు సుమారు 40 కిలోలే, కాబట్టి గుర్తు లోతుగా పడదు. గాలి లేచినా, వాకింగ్‌కు వచ్చినవాళ్లు నాలుగు అడుగులు వేసినా చెరిగిపోతుంది. అందుకే తాబేళ్ల లెక్క రాసేవాళ్లు చీకటి ఉండగానే బయలుదేరతారు.

జాడలోనే బోలెడు సమాచారం ఉంటుంది. ఆలివ్ రిడ్లే కుడికాలు, ఎడమకాలు మార్చి మార్చి వేస్తూ నడుస్తుంది. పచ్చ తాబేలు రెండు ముందుకాళ్లూ ఒక్కసారే వేసి ఒళ్లు ఈడ్చుకుంటుంది, దాని గుర్తులు జంటలుగా పడతాయి. కాళ్లు ఇసుకను వెనక్కి నెడతాయి గనుక ఏది వచ్చిన దారో, ఏది వెళ్లిన దారో తెలిసిపోతుంది. ఆ రెండూ కలిసేచోట ఇసుక చెదిరి ఉంటే అక్కడ గూడు ఉండొచ్చు. ఆలివ్ రిడ్లే వెనకకాళ్లతో అడుగున్నర లోతు గుంట తవ్వి, సుమారు వంద గుడ్లు పెట్టి, ఇసుక కప్పేసి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ పొట్టతో దబదబా అదిమి మరీ పోతుంది.

కొన్నిసార్లు జాడ ఉంటుంది గానీ గూడు ఉండదు. తాబేలు పైకి వచ్చింది, ఏదో నచ్చలేదు, గుడ్లు పెట్టకుండానే తిరిగిపోయింది. అనుభవం లేనివాళ్లు దీన్ని రాయకుండా వదిలేస్తారు. నా దృష్టిలో జనం తిరిగే బీచ్‌లో అన్నిటికన్నా విలువైన నమోదు ఇదే. వీధి దీపాల వెలుగు, ఫోన్ల ఫ్లాష్, కుక్కలు, అర్ధరాత్రి దాకా సాగే సందడి, వీటిలో ఏది తాబేలును వెనక్కి పంపుతోందో గూళ్ల లెక్క ఒక్కటే చెప్పలేదు. ఖాళీగా వెళ్లిన జాడలు ఏ చోట ఎక్కువో చూస్తే ఏ దీపం ఆర్పాలో తెలుస్తుంది.

గూడు దొరికాక దాన్ని అక్కడే ఉంచాలా, గుడ్లను కాపాడి పొదిగించే హేచరీకి తరలించాలా అన్నది తేల్చుకోవడం తేలిక కాదు. తల్లి కడుపులో ఉన్నంతసేపూ ఆక్సిజన్ అందక పిండం ఎదుగుదల ఆగి ఉంటుంది. గుడ్డు బయటపడగానే మళ్లీ మొదలవుతుంది. కొన్ని గంటల్లో పిండం పైపొరకు అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డును దొర్లిస్తే పొర చిరిగి పిండం చచ్చిపోతుంది. కాబట్టి తరలించేదేదో పెట్టిన రెండు మూడు గంటల్లోపే, గుడ్డు పైవైపు పైకే ఉండేలా జరగాలి. మధ్యాహ్నం ఎవరో చెబితే వెళ్లి బకెట్‌లో వేసుకొచ్చిన గుడ్లకు మేలు కన్నా కీడే ఎక్కువ.

పైగా పుట్టేది ఆడా మగా అన్నది ఇసుక వేడి తేలుస్తుంది. పొదిగే 45 నుంచి 60 రోజుల్లో నడిమి మూడో వంతు కీలకం. అప్పుడు వేడి సుమారు 29–30 డిగ్రీల కన్నా తగ్గితే మగవి, పెరిగితే ఆడవి ఎక్కువగా పుడతాయి. 35 డిగ్రీలు దాటి అలాగే నిలిచిపోతే పిండాలే మిగలవు. ఎండలో ఒకేచోట గుంటలన్నీ దగ్గర దగ్గరగా తవ్విన హేచరీ తెలియకుండానే ఒక తరం మొత్తాన్ని ఒకే వైపు నెట్టేయగలదు. కుక్కలు, నక్కలు తవ్వేసే చోట, పోటు నీరు చేరే చోట తరలించక తప్పదు, నిజమే. అయితే థర్మామీటరు లేని హేచరీని నేను నమ్మను. గూడును ఉన్నచోటే కంచె వేసి కాపాడగలిగితే అంతకు మించింది లేదు.

పిల్లలు బయటికొచ్చాక వేడుకగా వదలడం గురించి కూడా చెప్పాలి. పిల్ల కడుపులో మిగిలిన పచ్చసొన దానికి మొదటి రోజుల ఇంధనం. ఒడ్డు దాటి లోతు నీళ్లకు చేరేదాకా ఆగకుండా ఈదడానికి అదే ఆధారం. అతిథులు వచ్చేదాకా వాటిని టబ్బులో ఉంచితే గోడలకు కొట్టుకుంటూ ఆ బలమంతా అక్కడే ఖర్చు చేసేస్తాయి. ఎవరి కోసమూ ఆగకుండా, వచ్చిన చీకట్లోనే, ఇసుక మీద వాటంతట అవే నడిచేలా వదలాలి. తర్వాత గూడు తవ్వి పగిలిన పెంకులు, పొదగని గుడ్లు, లోపలే చనిపోయిన పిల్లలు ఎన్నో లెక్కపెట్టాలి. వాసన భరించడం కష్టం, ఫొటోకు పనికిరాదు. పొదగడం ఎంతవరకు ఫలించిందో చెప్పేది మాత్రం ఆ పనే.

జాడలు వెతుకుతూ లెక్క రాసే ఈ తీర నడకలకు మన దేశంలో యాభై ఏళ్ల చరిత్ర ఉంది. 1970లలో మద్రాసు స్నేక్ పార్క్ వాళ్లు మొదలుపెట్టారు, 1988 నుంచి మద్రాసు విద్యార్థుల బృందం కొనసాగిస్తోంది. తాబేళ్ల పరిశోధకుడు సతీశ్ భాస్కర్ దేశ తీరంలో చాలా భాగం కాలినడకన వెతికారు. 1982 వానాకాలం నెలల తరబడి లక్షద్వీప్‌లోని సుహేలీ దీవిలో ఒంటరిగా ఉండి పచ్చ తాబేళ్లను లెక్కపెట్టారు. ఇంత పట్టు ఎందుకంటే, తాబేలు గుడ్లు పెట్టే వయసుకు రావడానికి పదేళ్లకు పైగా పడుతుంది. ఒకే తాబేలు ఒక సీజన్‌లో రెండుసార్లు రావచ్చు. ఈ ఏడు గూళ్లు పెరిగాయని సంబరపడినా, తగ్గాయని దిగులుపడినా తొందరపాటే. నడవని రాత్రులు ఎన్నో రాయకపోతే ఆ అంకెలకు అర్థమే ఉండదు. సరిగ్గా రాసిపెట్టిన అంకె ఏం చేయగలదో చూడండి: ఒడిశాలోని గహిర్‌మథలో 2021లో రెక్కకు ట్యాగు వేసిన తాబేలు 2025 జనవరిలో మహారాష్ట్ర తీరంలోని గుహాగర్‌లో గుడ్లు పెట్టింది. తూర్పు, పడమర తీరాల తాబేళ్లు వేర్వేరనే అంచనాను కదిలించింది ఒక లోహపు ముక్క మీది అంకె.

లెక్కలో చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చినవీ ఉండాలి. తాబేలు గాలి పీల్చే జీవి. ట్రాల్ వలలో గంటల తరబడి చిక్కుకుంటే ఊపిరాడక చనిపోతుంది. వలలో అమర్చే కమ్మీల చట్రం రొయ్యలను లోపలికి పోనిచ్చి తాబేలును బయటికి పంపుతుంది. తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది. కానీ తాబేళ్లు ఒడ్డుకు చేరువగా ఎక్కువగా తిరిగేది అంతకు ముందు నెలల్లోనే. మన రాష్ట్రంలో ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు వేటాడకూడదన్న నిబంధన ఇప్పటికే ఉంది. ఏ రోజు ఏ తీరాన ఎన్ని కళేబరాలు చేరాయో తేదీతో సహా రాసి ఉంటే, ఆ వారం బోట్లు ఎక్కడ తిరిగాయని అధికారులను అడగవచ్చు. పొద్దున్నే బీచ్‌కు వెళ్లేవారు కూడా ఈ సమాచారం ఇవ్వగలరు. గూడు కనిపిస్తే తవ్వకుండా, తాబేలు చచ్చి కనిపిస్తే ముట్టకుండా, చోటు, సమయం రాసుకుని అటవీశాఖకు చెప్పాలి.